పిలుపుకు ముందు ఊపిరి

స్టూడియోలో అందరూ అతన్ని కత్తెర అనేవారు. చాటున కాదు, ఎదురుగానే అనేవారు, అతనూ పలికేవాడు. కథల పుస్తకాలూ పాఠాలూ చదివించి రికార్డు చేసే ఆ స్టూడియోలో, చదివినవాళ్ళ గొంతులోంచి అక్కర్లేని చప్పుళ్ళు తీసి పారేయడం అతని పని. దగ్గు, కుర్చీ కిర్రు, కాగితం తిప్పిన చప్పుడు, అన్నిటికీ మించి ఊపిరి. వాక్యానికీ వాక్యానికీ మధ్య మనిషి లోపలికి లాగే గాలి వినేవాడి చెవికి అడ్డమని ముప్ఫై ఏళ్ళుగా అతని గట్టి నమ్మకం. అతని చేతిలో పడ్డ గొంతు కడిగిన పలకలా బయటికొచ్చేది.

అలాంటివాణ్ణి వాళ్ళక్క ఒక కొండవార పాడిపొలానికి తోలింది. తోలింది అనే అనాలి, ఎందుకంటే వెళ్తావా అని ఆవిడ అడగలేదు. భార్య పోయి ఏడాదైనా తమ్ముడు మనిషి కాలేదని, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని గదిలో ఒంటరిగా కూర్చుంటున్నాడని ఆవిడ బెంగ.

"పది రోజులు పచ్చికా పశువులూ చూసి రా. గది మాట్లాడేశాను. వెళ్ళనంటే మీ బావని తీసుకుని నేనే వచ్చి నీ ఇంట్లో మకాం పెడతాను" అంది ఫోన్లో.

బావ గురక పెడితే పక్కవీధి కుక్కలు బదులిస్తాయి. అతను నోరు మూసుకుని బట్టలు సర్దుకున్నాడు.

పొలం రోడ్డుకి దూరంగా ఉంది. రాతి ఇల్లు. కింద వంటగది, పాల గది. పైన అద్దెకిచ్చే గదులు మూడు. గుమ్మం పక్కన చెక్కమీద సున్నంతో 'గది, పొద్దున టిఫిను' అని రాసుంది, దాని కింద ఇంకా చిన్న అక్షరాల్లో 'బూట్లు కడుక్కుని రండి' అని ఉంది. ఇంటావిడకి డెబ్బై దాటుంటాయి. మోకాళ్ళు అరిగిపోయి మెట్లు పక్కకి తిరిగి ఎక్కుతుంది. సీజను కాదు కనక వేరే అతిథులెవరూ లేరు. ఆవిడ అతనికి కొండవైపు కిటికీ ఉన్న గది చూపించింది. ఇనప మంచం, ఎండుగడ్డి వాసనేసే గొంగళి, చెంబూ బేసినూ, నడిస్తే మూలిగే చెక్కనేల.

"పొద్దున ఐదున్నరకి ఆవుల్ని పిలుస్తాం బాబూ. ఉలిక్కిపడకు" అని చెప్పి కిందికి దిగింది.

ఎంత ముందుగా చెప్పినా ఉలిక్కిపడ్డాడు. తెల్లారగట్ల మొదట ఏదో బరబరమని చప్పుడు వచ్చింది, పెనంలో నీటిచుక్క పడ్డట్టు. ఆ తర్వాత ఎవరో మంచం మీదికి వంగి ఊపిరి లాగారు. పొడుగ్గా, పిల్లికూతలతో, చివర్లో చిన్నగా తట్టుకున్న ఊపిరి. అతను దిగ్గున లేచి కూర్చున్నాడు. గదిలో ఎవరూ లేరు. అప్పుడు వచ్చింది గొంతు.

"రా... రా రా... తల్లీ, రా..."

మగగొంతు. ఆవుల పాకమీది లౌడ్‌స్పీకర్లోంచి వెళ్ళి కొండకి తగిలి మెల్లగా అణిగిపోయింది. కిటికీలోంచి చూస్తే బయటంతా మంచు. కాసేపటికి మంచులో మొదట గిట్టల చప్పుడు, తర్వాత ఒకదాని వెనక ఒకటిగా పన్నెండు ఆవులు. వాటి ముందు కొమ్ము విరిగిన ముసలిది నడుస్తోంది, ఈ ఊరేగింపంతా తనకోసమే అన్నట్టు. అతనికి మాత్రం చప్పుళ్ళే చెవిలో గుచ్చుకున్నాయి. ఎంత చెత్త రికార్డింగు, ఆ ఊపిరి ఒకటి తీసేస్తే ఎంత బాగుంటుంది అనుకున్నాడు. వృత్తి జబ్బు, ఏం చేస్తాం.

కిందికి దిగేసరికి బల్లమీద రొట్టె, వెన్న, ఉడికించిన గుడ్లు, పొగలు కక్కే పాలు ఉన్నాయి. అతను మర్యాదకి మాట కలిపాడు.

"మీ ఆయనది గట్టి గొంతమ్మా. కానీ ఆయాసం ఉన్నట్టుంది. డాక్టరుకి చూపించారా?"

"చూపించాం బాబూ" అంది ఆవిడ, రొట్టెకి వెన్న రాస్తూనే. "పోయి మూడేళ్ళయింది."

రొట్టె ముక్క అతని గొంతుకి అడ్డం పడింది. ఆవిడ నీళ్ళ గ్లాసు జరిపి, ఇది అందరికీ చెప్పేదే అన్నట్టు చెప్పుకొచ్చింది. ఆవులు రాత్రంతా కొండమీదే మేస్తాయి. పొద్దునా సాయంత్రం ఆయన పిలిస్తే పాలు పితకడానికి దిగుతాయి. చివరి ఏడాది ఆయనకి ఊపిరి అందక రోజూ అరవలేక, ఒక రోజు కాస్త ఓపిక చిక్కినప్పుడు పాకలో మైకు ముందు కూర్చుని క్యాసెట్లో ఎక్కించాడు. ఆయన మంచాన పడ్డా గొంతు పని చేసింది. ఆయన పోయినా పని చేస్తూనే ఉంది.

"మీరు పిలవచ్చుగా అమ్మా?"

"పిలిచాను. నా గొంతు వింటే ఇంకో నాలుగడుగులు పైకెక్కుతాయి. నలభై ఏళ్ళు వాటికి తిండి పెట్టింది నేను, మాట వినేది ఆయనది." ఆవిడ నవ్వింది. నవ్వు అక్కడే ఆగిపోయింది. "ఆ గొంతు ఉన్నంతకాలం నేనూ ఈ పొలమూ. ఈమధ్య అదీ వణుకుతోంది బాబూ. క్యాసెట్ అరిగిపోయిందట. అది పోతే ఆవుల్ని అమ్మేసి మా చెల్లెలింటికి పోవాలి. ఆవుల సంగతి ఎలాగో అవుతుందిలే. పొద్దున్నే ఆయన గొంతు వినకుండా నేనెలా లేస్తానో అదే తెలీదు."

అతను పైకెళ్ళి తలుపేసుకుని తన పెట్టె తీశాడు. అందులో జేబులో పట్టే రికార్డరు ఉంది. దాన్లో భార్య చదివిన నలభై ఒక్క పుస్తకాలు ఉన్నాయి. వాళ్ళిద్దరి పరిచయం స్టూడియోలోనే, ఆవిడ అద్దానికి అవతల చదివేది, అతను ఇవతల కత్తిరించేవాడు. పెళ్ళయ్యాకా అదే వరస, ఇరవై రెండేళ్ళు. "నా ఊపిరంతా కోసి ఎక్కడ పోస్తున్నావు? చెత్తబుట్టలోనేనా?" అని ఏడిపించేది. ఆవిడ ఊపిరి రెండు ముక్కలుగా ఉండేది. మొదట కొంచెం లాగి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, మళ్ళీ లాగేది. కొన్ని వేలసార్లు తెరమీద దాని ఆకారం చూసి మరీ కోశాడు. కళ్ళు మూసుకుని కూడా గుర్తుపట్టగలడు.

ఆవిడ పోయిన నెలకి ఆ పుస్తకాలు వినబోయాడు. పది నిమిషాలు కూడా వినలేకపోయాడు. పేజీల తరబడి ఆవిడ గొంతు ఎక్కడా గాలి పీల్చకుండా సాగిపోతోంది, ఊపిరితో పని లేని మనిషిలా. బతికున్న రోజుల్లోనే తను ఆవిణ్ణి అలా చేసి పెట్టాడు. అప్పట్నుంచీ ఆ నలభై ఒక్క పుస్తకాల్లో కత్తెరకి దొరక్కుండా తప్పించుకున్న ఊపిరి ఒక్కటి, ఒకే ఒక్కటి ఎక్కడైనా ఉందేమోనని వెతుకుతున్నాడు. గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని చేస్తున్న పని అదే. అక్కకి చెప్పలేదు. చెబితే ఇంకో పది రోజులకి గది మాట్లాడేది.

నాలుగో రోజు సాయంత్రం లౌడ్‌స్పీకర్లో గొంతు బాగా సాగిపోయింది. "రా" అన్న మాట నీళ్ళలో మునిగినట్టు బుడబుడమంది. ఆవులు సగం దారిలో ఆగి చెవులు నిక్కించాయి. పాక గుమ్మంలో పెద్దావిడ ద్వారబంధం పట్టుకుని నిలబడిపోయింది. కొమ్ము విరిగిన ముసలిది కదిలేదాకా ఆవిడ చెయ్యి తియ్యలేదు.

"ఆ క్యాసెట్ నాకివ్వండమ్మా" అన్నాడు అతను. "నా రికార్డర్లోకి ఎక్కిస్తాను. ఇంక ఎన్నేళ్ళయినా అరగదు."

"దానికేం కాదుగా బాబూ?"

"ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని నాది."

అహంకారంతో అన్న మాట కాదు. ఈ ఒక్క గొంతైనా నిలబెడితే తన మనసు కాస్త కుదుటపడుతుందేమోనని నిజంగానే ఆశపడ్డాడు. పాత టేప్‌రికార్డరు చక్రాలు శుభ్రంగా తుడిచి, దానికి తీగ తగిలించి, తన రికార్డరు నొక్కి, క్యాసెట్ తిప్పాడు. అంతా ఎక్కింది. వెనక్కి చుడుతుంటే క్యాసెట్ పుటుక్కుమని తెగింది. గోధుమరంగు టేపు చక్రాల్లో చుట్టుకుని నలిగి, పొట్టు పొట్టుగా రాలింది. ఆవిడ ముఖం పాలిపోయింది.

"కంగారు పడకండి. ఇందులో భద్రంగా ఉంది" అని రికార్డరు చూపించి, హెడ్‌ఫోన్ ఆవిడ చెవికి ఆనించాడు. పాక పక్కనే ఆవులు అరుస్తున్నాయి, పాలగిన్నెలు మోగుతున్నాయి. ఆ గోలలో ఆవిడకి "తల్లీ, రా" అన్నంతవరకు వినపడింది. గొంతు వణకడం లేదు. "నిన్నమొన్న పిలిచినట్టుంది" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ మాటకి అతనూ పొంగిపోయాడు. బరబరలు లేని ఇంత శుభ్రమైన గొంతు క్యాసెట్లోంచి రావడం అతని చేతి చలవే మరి.

మర్నాడు ఐదున్నరకి రికార్డరు తీగని లౌడ్‌స్పీకరుకి తగిలించి నొక్కాడు.

"రా. రారా. తల్లీ, రా."

గొంతు గంటలా మోగింది. కొండమీద ఒక్క గిట్టా కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. మంచు కాస్త విడిస్తే కంచె దగ్గర పన్నెండు ఆవులూ కనిపించాయి. పాకవైపే చూస్తున్నాయి, తెలీని మనిషి తలుపు కొడితే లోపలివాళ్ళు చూసినట్టు. మూడోసారి నొక్కేసరికి ముసలిది వెనక్కి తిరిగి పైకెక్కడం మొదలుపెట్టింది. మిగతావి దాని వెనకే వెళ్ళాయి.

పెద్దావిడ అతని పక్కకొచ్చి నిలబడింది.

"ఊపిరేది?" అంది.

"ఏమ్మా?"

"ఆయన పిలిచేముందు తీసుకునే ఊపిరి. అది వినే అవి తలెత్తుతాయి. అదేది బాబూ?"

అతను రికార్డరు పక్కనున్న చిన్న మీట చూశాడు. అది వడపోత మీట. మెల్లగా ఉన్న చప్పుడేదీ లోపలికి రాకుండా గుమ్మంలోనే ఆపేస్తుంది. స్టూడియోలో పని సులువవుతుందని కొత్తలోనే దాన్ని పైకి నెట్టాడు. మళ్ళీ దించిన గుర్తు లేదు. ఆయన ఊపిరి అసలు లోపలికి రానేలేదు. పిలుపు చివర కొండమీద అణిగిపోయే ఆ సన్నని తోకా రాలేదు. ఉన్న ఒక్క క్యాసెట్టూ పొట్టయి నేలమీద ఉంది. ఒకసారి చేసిన తప్పుకి ఏడాదిగా కుమిలిపోతున్న మనిషి, అదే తప్పు, అదే వేలితో, ఇంకొకరి ఇంట్లో చేశాడు.

ఉన్నదున్నట్టు చెప్పాడు. మీట సంగతి చెప్పాడు, దాంతో ఆగకుండా భార్య సంగతీ చెప్పాడు. ఆవిడ తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

"అంటే ఆయన మళ్ళీ పోయాడు" అంది. బకెట్ బోర్లించి దానిమీద కూర్చుండిపోయింది.

పితకని పొదుగులు సలుపుతుంటే మధ్యాహ్నానికి కొండంతా ఆవుల అరుపులే. అతను కర్ర పట్టుకుని తోలుకొద్దామని ఎక్కాడు. అవి అతన్ని చూసి చెదిరి ఇంకా పైకి పోయాయి. పేడలో జారి, ముళ్ళలో పడి, చొక్కా చింపుకుని దిగాడు. పెద్దావిడ కర్ర ఊతంగా కంచెదాకా వెళ్ళి పిలిచింది. గొంతు బొంగురుపోయేదాకా పిలిచింది. తిరిగొచ్చి, "చెల్లెలికి ఫోన్ చేస్తాను. ఇంక ఎందుకు" అంది. అతనికి ఆ మాట వినలేక చచ్చిపోవాలనిపించింది.

సాయంత్రం మంచు మళ్ళీ దిగుతుంటే పాకలో మైకు ముందు నిలబడ్డాడు.

"నేను పిలుస్తానమ్మా. ఆయన పిలుపు నాకు నోటికొచ్చు. ఎక్కడ లేస్తుందో ఎక్కడ దిగుతుందో అన్నీ తెలుసు. అవి వస్తే రేపటికి ఉంటుందని రికార్డు కూడా చేస్తాను."

అతను వడపోత మీట కిందికి దించాడు. ఎన్నేళ్ళ తుప్పో, గోరు విరిగింది. రికార్డరు నొక్కాడు. మొదటిసారి గుండెలనిండా గాలి పీల్చి, పిల్లికూత తెచ్చిపెట్టుకుని పిలిచాడు. నాటకంలా వినపడింది. ఆవులు రాలేదు. రెండోసారి ఇంకా పెద్దగా పీల్చాడు. దగ్గొచ్చి పిలుపు మధ్యలో తెగింది. పెద్దావిడ ముఖం అటు తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం చూసి అతనికి ఏడుపు తన్నుకొచ్చింది. గొంతు బిగుసుకుపోయి గాలి లోపలికి దిగలేదు. పీల్చడమనే మాటే లేదు, ఛాతీలో మిగిలిన కాస్త గాలితోనే, పిలుపు ఎలా ఉండాలో కూడా చూసుకోకుండా అరిచేశాడు.

"రా... రా రా... తల్లీ, రా..."

కొండమీద ఆవుల అరుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి. తర్వాత గిట్టల చప్పుడు. మంచులోంచి ముందు ముసలిది వచ్చింది, దాని వెనక మిగతావి. వచ్చి దేని కొయ్య దగ్గర అది నిలబడింది. ముసలిది మాత్రం అతన్ని దాటుకుని మైకు దాకా పోయి, అక్కడ గాలిని వాసన చూసి, అప్పుడు తన చోటికి వెళ్ళింది.

ఇద్దరూ పాలు పితికారు. అతను పితకలేదనుకోండి, బకెట్లు మోశాడు. ఆఖరి ఆవు అయ్యాక పెద్దావిడ చేతులు కడుక్కుని, "ఏదీ, వినిపించు" అంది.

రికార్డరు చిన్న స్పీకరుకి కలిపి, మూడో పిలుపు దగ్గరికి తెచ్చి నొక్కాడు. పాకలో గాలి హోరు, ఎక్కడో గొలుసు కదిలిన చప్పుడు. ఆ తర్వాత, పిలుపుకి ముందు, ఎవరో ఊపిరి తీసుకున్నారు.

ఆ ఊపిరి అతను తీసుకోలేదు. తీసుకోలేకపోయాడు. అది అతనికి చాలా బాగా తెలుసు.

"ఇంకోసారి" అంది ఆవిడ.

మళ్ళీ నొక్కాడు. మొదట కొంచెం లాగి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, మళ్ళీ లాగిన ఊపిరి. ఇరవై రెండేళ్ళు తెరమీద చూసి కోసిన ఆకారం. నలభై ఒక్క పుస్తకాల్లో దొరకనిది. అతను బల్ల పట్టుకున్నాడు. భయమేసింది, ఆ భయంలోనే చెప్పలేనంత సంతోషమేసింది. నువ్వేనా అని అడగడానికి నోరు తెరిచాడు.

పెద్దావిడ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు.

"ఆయనే" అంది. "నలభై ఏళ్ళు పక్కన పడుకున్నదాన్ని, నాకు తెలీదా? ఆయాసం లేదు చూడు. పైకెళ్ళాక తగ్గినట్టుంది. ఆయనే కదా బాబూ? చప్పుళ్ళ సంగతి నీకు తెలుసు. నువ్వు చెప్పు."

అతను ఆవిడ వంక చూశాడు. మోకాళ్ళు అరిగిన ముసలి మనిషి, పొద్దున్నుంచీ ఒక్క మాట తిట్టని మనిషి, ఇప్పుడు అతని నోట్లోంచి వచ్చే మాటకోసం పసిపిల్లలా చూస్తోంది. నిజం చెబితే ఆయన మూడోసారి పోతాడు. ఏడాదిపాటు వెతికింది చేతికందిన క్షణంలోనే ఇంకొకరికి ఇచ్చెయ్యాలంటే అతని ప్రాణం గిలగిలలాడింది.

"ఆయనేనమ్మా" అన్నాడు.

ఆవిడ తలూపింది. అతని చినిగిన చొక్కా చేతిని సర్దుతూ, అది మామూలు సంగతే అన్నట్టు అంది.

"నీకు ఊపిరి అందట్లేదని చూసినట్టున్నాడు. తను తీసుకుని నీకిచ్చాడు."

అతను అవునన్నాడు. అక్కడే, పాలబకెట్ల మధ్య కూలబడి, ఏడాదిగా ఏడవని ఏడుపంతా ఏడ్చాడు.